అడవి నడకకు మడతపడని కత్తి: రెండు వేలలో ఏది కొనాలి

మీరు అడిగింది ఇదీ: ఉండేది అనంతపురం. సెలవు రోజుల్లో పెనుకొండ, గుత్తి, గండికోట వైపు నడక, అప్పుడప్పుడు నల్లమల అంచున రాత్రి బస. మడతపడని కత్తి ఒకటి కావాలి, ఖర్చు రెండు వేలు దాటకూడదు. చూసి పెట్టుకున్నవి మూడు. ఆన్‌లైన్‌లో ఏడెనిమిది వందలకు వస్తున్న నల్లరంగు ‘సర్వైవల్’ కత్తి ఒకటి, దాని పిడిలో దిక్సూచి, వెన్ను మీద రంపపు పళ్లు. రెండోది స్వీడన్ మోరా కంపెనీ వాళ్ల కంపానియన్. మూడోది ఊళ్లో కమ్మరి చేత లారీ కమాన్ పట్టీతో కొట్టించుకోవడం.

మొదటిది వద్దు. మిగతా రెండూ మంచివే కానీ రెండూ ఒకే పనికి వచ్చేవి కావు. నడకకు మోరా, తోట పనికి కమ్మరి కత్తి. ఒక్కటే కొనాలంటే మోరా కొని, మిగిలిన డబ్బుతో సానరాయి తీసుకోండి.

పనేమిటో తేల్చుకుంటే కత్తి సగం తేలిపోతుంది. మన నేలలో బయట తిరిగేవాళ్లకు కత్తితో పడే పనులన్నీ చిన్నవే. తాడు కోయడం, ఉల్లిపాయ తరగడం, డేరాకు మేకు చెక్కడం, ఎండు పుల్లను పొరలు పొరలుగా చెక్కి నిప్పుకు సిద్ధం చేయడం, నిప్పురవ్వలు రాల్చే ఫెర్రో రాడ్ గీకడం, తోలుకు బెజ్జం వేయడం, చేయి విరిగినవాళ్లకు కట్టు కట్టడానికి వెదురు బద్ద చీల్చడం. వీటన్నిటికీ నాలుగంగుళాల బ్లేడు చాలు. పెద్ద కత్తి మీదకు మనసు పోయేది కంప చూసినప్పుడు. దారికి అడ్డంగా సర్కారు తుమ్మ కనిపించగానే నరకాలనిపిస్తుంది. ఎండిన సర్కారు తుమ్మ చాలా గట్టి కట్టె. దాన్ని నరకాలంటే బరువున్న మచ్చుకత్తి కావాలి, కోయాలంటే చిన్న మడత రంపం కావాలి. అర కేజీ బరువున్న ‘సర్వైవల్’ కత్తి ఈ రెండు పనుల్లో ఏదీ సరిగ్గా చేయదు, పైగా ఉల్లిపాయ కూడా తరగదు. నడకలో అయితే కంపను నరకడం కన్నా చుట్టూ తిరిగి పోవడమే తక్కువ పని.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. ఇక్కడ మనిషిని పడగొట్టేది ఎండ, దప్పిక. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మి.మీ. కత్తి ఎంత మంచిదైనా నీళ్ల సీసాకు బదులు కాదు. జెముడు కోసి నీళ్లు తాగొచ్చని చూపించే వీడియోలు మన జెముళ్లకు వర్తించవు. వాటిలో పాలు కారే రకాల పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇక కొలతలు. బ్లేడు పొడవు 10 నుంచి 11 సెం.మీ., వెన్ను దగ్గర మందం 2.5 నుంచి 4 మి.మీ. మందం 2 మి.మీ. కన్నా తక్కువుంటే అది వంటింటి కత్తి, మెలిపెడితే వంగుతుంది. 5 దాటితే గొడ్డలికి చెల్లెలు, చెక్కుడు పనికి మొద్దు. చాలామంది మందమే బలమనుకుంటారు. కోత సాఫీగా ఉండాలంటే చూడాల్సింది పదునుకు సరిగ్గా పైన లోహం ఎంత సన్నగా ఉందనేది. 4 మి.మీ. వెన్నున్న కత్తి అక్కడ అర మిల్లీమీటరుకు దిగితే బాగా కోస్తుంది. 3 మి.మీ. వెన్నున్నదే అక్కడ కూడా ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటే కట్టెలో ఇరుక్కుంటుంది. పదును ఒకవైపే ఉండాలి. రెండు వైపులా పదునున్న బాకు ఆకారం పనిముట్టు కాదు. వెన్ను మీద బొటనవేలు పెట్టి నొక్కలేం, కట్టెతో కొట్టలేం, పోలీసులకు సమాధానం చెప్పలేం.

పిడిలోకి దూరే ఇనుప భాగాన్ని ట్యాంగ్ అంటారు. పిడి చివరిదాకా, పిడి వెడల్పంతా ఉంటే ఫుల్ ట్యాంగ్. మధ్యలోనే ఆగిపోతే పార్షియల్. కత్తి విరిగితే సాధారణంగా విరిగేది బ్లేడు పిడిని కలిసే చోటే, అందుకే దీని గురించి ఇంత చర్చ. కానీ ఫుల్ ట్యాంగ్ ఒక్కటే చూసి కొనడం కూడా పొరపాటు. వెడల్పుగా పిడిలో ముప్పావు వంతు దాకా పోయే ట్యాంగ్, మంచి ప్లాస్టిక్ పోతపోసిన పిడి, ఇవి ఉంటే మామూలు పనికి ఢోకా ఉండదు. అసలు ప్రమాదం బోలు పిడిలో ఉంది. మీరు చూసిన నల్ల కత్తి అదే రకం. దిక్సూచి, సూదీదారం, గాలం పెట్టడానికి పిడిని గొట్టంలా చేస్తారు. బ్లేడు తోక రెండు మూడు సెం.మీ. మాత్రమే లోపలికి దిగి ఒక బోల్టు మీదో జిగురు మీదో నిలబడుతుంది. నాలుగు దెబ్బలకు వదులై, ఐదో దెబ్బకు బ్లేడు ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. వెన్ను మీది రంపపు పళ్లు కట్టెను కోయవు. రంపం పళ్లు ఒకటి అటు ఒకటి ఇటు వంచి ఉంటేనే పొట్టు బయటికి వచ్చి దారి పడుతుంది. ఈ పళ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి రెండు మి.మీ. దిగి ఇరుక్కుంటాయి. పైగా వెన్ను మీద కొట్టే కట్టెను అవే చీల్చేస్తాయి. దిక్సూచి సంగతి, పక్కనే ఇనుము పెట్టుకుని ఉత్తరం చూపించమంటే అదేం చూపిస్తుంది పాపం.

ఉక్కు విషయంలో పేరు రాసి ఉందా లేదా అన్నది మొదటి జల్లెడ. ‘హై క్వాలిటీ స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే రాస్తే చెప్పుకోవడానికి ఏమీ లేదని అర్థం. గిన్నెలకు వాడే 304 రకం వేడి చేసి ముంచినా గట్టిపడదు, పదును నిలవదు. ఆ రకానికి అయస్కాంతం దాదాపు అంటుకోదు, కాబట్టి ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అంటుకోకపోతే ఆ కత్తి వదిలేయండి. అంటుకున్నంత మాత్రాన మంచిదని కాదు, గట్టిపడని 430 రకానికీ అంటుకుంటుంది. ఇంటికి తెచ్చాక రెండో పరీక్ష: పిడి పక్కన కనబడని చోట సన్నటి ఆకురాయితో ఒక్కసారి మెల్లగా రుద్దండి. సీసంలా చెక్కుకుపోతే మెత్తన. జారుతూ, కొద్దిగా మాత్రమే పడితే సరిపడా గట్టిదనం ఉన్నట్టు.

ఇక కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? కోస్తాలో ఉన్నవాళ్లకైతే స్టెయిన్‌లెస్ అనే చెప్పాలి. ఉప్పుగాలికి కార్బన్ స్టీలు రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది. మన సీమ పొడి గాలిలో కార్బన్ స్టీలు హాయిగా బతుకుతుంది. తొందరగా పదునెక్కుతుంది, తుప్పును రెండు చుక్కల నూనె ఆపుతుంది. ఇక్కడ దాని శత్రువులు రెండు: చెమట, పులుపు. చీనీకాయ, నిమ్మకాయ, చింతపండు తగిలిన పది నిమిషాల్లో నల్లటి మచ్చ పడుతుంది. ఆ నలుపు తుప్పు కాదు, పెద్దగా హానీ చేయదు. కానీ తుడవకుండా ఒరలో పెడితే ఆ చోటే గుంటలు పడతాయి. నడుముకు కట్టుకుని మే నెలలో నడిచేవాళ్లు పిడి పక్కన చెమట చేరే చోటు చూసుకోవాలి. తుడిచి పెట్టే అలవాటు లేకపోతే మొహమాటం లేకుండా స్టెయిన్‌లెస్ తీసుకోండి.

మోరా కంపానియన్ లెక్కలు ఇవి: బ్లేడు సుమారు 104 మి.మీ., మందం 2.5 మి.మీ., ఒరతో కలిపి బరువు 120 గ్రాముల లోపే. స్టెయిన్‌లెస్ రకంలో సాధారణంగా వాడే ఉక్కు 12సి27. ఇందులో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 నుంచి 58 మధ్య. ఇదే కత్తి హెవీ డ్యూటీ పేరుతో 3.2 మి.మీ. మందంలో వస్తుంది. తేడా రెండు మూడు వందలే అయితే దాన్నే తీసుకోండి, మన గట్టి కట్టెలకు అది నయం. విదేశీ సరుకు కాబట్టి ధర నిలకడగా ఉండదు, ఒకే నెలలో రెండు దుకాణాల మధ్య ఐదారు వందల తేడా కనిపిస్తుంది. తొందరపడొద్దు.

దీనికీ లోపాలున్నాయి. ట్యాంగ్ పిడి చివరిదాకా రాదు. వెన్ను అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఫెర్రో రాడ్ గీకితే రవ్వలు సరిగ్గా రాలవు. దీనికి మందు ఉంది. పదును మీద మందపాటి టేపు రెండు చుట్లు వేసి, వెన్నులో పిడికి దూరంగా ఉన్న మూడు నాలుగు సెం.మీ. భాగాన్ని డైమండ్ ఫైలుతో నిలువుగా, 90 డిగ్రీలు వచ్చేలా రుద్దాలి. మామూలు ఆకురాయి దీని మీద ఎక్కువగా జారుతుంది. వేలి గోరు మీద మెల్లగా లాగితే తెల్లటి పొడి రావాలి, అప్పుడు అంచు కుదిరినట్టు. నిప్పు కోసం ఎప్పుడూ పదునును రాడ్ మీద గీకొద్దు, నాలుగు గీతలకే పదును పోతుంది.

మోరా పదును పెట్టిన తీరు స్కాండీ. అంటే బ్లేడు మధ్య నుంచి అంచు దాకా ఒకే వాలు, ఒక్కో వైపు 11–12 డిగ్రీలు. వేప లాంటి కట్టెను ఇది వెన్నలా చెక్కుతుంది. ఎండిన తుమ్మ కణుపు తగిలితే మాత్రం అంత సన్నటి అంచు మడతపడటమో చిన్న పెచ్చు లేవడమో జరుగుతుంది. కొన్న రోజే, ముందు రాయి మీద వాలును అలాగే రుద్ది, చివర్లో కత్తిని కొంచెం లేపి, దాదాపు 20 డిగ్రీల్లో ఒక్కో వైపు ఐదారుసార్లు మాత్రమే లాగండి. కంటికి వెంట్రుక మందం గీతలా కనబడుతుంది. చెక్కుడు గుణం పెద్దగా తగ్గదు, అంచు మాత్రం నిలబడుతుంది.

ఇప్పుడు కమ్మరి కత్తి. మన దగ్గర కొడవళ్లు, గొడ్డళ్లు కొట్టే చేయి ఇంకా ఉంది, ఉక్కూ మంచిదే. లారీ కమాన్ పట్టీల్లో వాడేది సిలికాన్ గానీ క్రోమియం గానీ కలిసిన స్ప్రింగ్ స్టీలు, దెబ్బకు ఓర్చే రకం. కానీ కొడవలి కొట్టే పద్ధతిలోనే కత్తి కొడితే మూడు చోట్ల చెడుతుంది. ఇవి మీరు ముందే చెప్పి చేయించుకోవాలి, పక్కన నిలబడి.

మొదటిది పట్టీ ఎంపిక. బాగా అరిగిన, మధ్యలో విరిగిన పట్టీ చవకగా వస్తుంది, కానీ ఏళ్ల తరబడి ఊగిన ఉక్కులో కంటికి కనబడని పగుళ్లు ఉంటాయి. విరిగిన చోటికి, మధ్య బోల్టు రంధ్రానికి ఒక జానెడు దూరం వదిలేసి తీసుకున్న ముక్క నయం. జీపు, వ్యాను పట్టీలు సన్నగా ఉంటాయి కాబట్టి సమ్మెట పని తగ్గుతుంది. లారీ పట్టీ ఎనిమిది పది మి.మీ. పైగా ఉంటుంది, దాన్ని వెన్ను దగ్గర 4 మి.మీ.కు దింపాలి. చెప్పకపోతే ఆరు దగ్గరే ఆపేస్తారు, అడిగితే ‘బలంగా ఉంటుందిలే’ అంటారు.

రెండోది ఆకారం. బ్లేడు ట్యాంగుగా మారే మూలను గుండ్రంగా ఉంచమనండి. అక్కడ ఎల్ అక్షరంలా పదునైన మూల వస్తే కాల్చి ముంచేటప్పుడు గానీ, తర్వాత దెబ్బ పడినప్పుడు గానీ పగులు మొదలయ్యేది అక్కడే. పిడి రివెట్ల రంధ్రాలు గట్టిపరచక ముందే వేయాలి, తర్వాత డ్రిల్లు దిగదు. పదును అంచును ఈ దశలో ఒక మిల్లీమీటరు మందం ఉంచాలి. కాగితంలా చేసి కొలిమిలో పెడితే అంచు మాడి, మెలి తిరుగుతుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గట్టిపరచడం. కొడవలి అంచును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడం మన అలవాటు. కమాన్ పట్టీ ఉక్కును నీళ్లలో ముంచితే చాలాసార్లు ‘టిక్’ మని శబ్దం వస్తుంది. పగులు పడిందన్నమాట, ఇక ఆ ముక్కను పారేయాల్సిందే. దీన్ని నూనెలో ముంచాలి. మన బుడ్డల (వేరుశనగ) నూనె మూడు లీటర్లు బాగా పనికొస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు చేటు. నూనెను ముందుగా 50–60 డిగ్రీలకు, అంటే వేలు పెట్టి ఉంచలేనంతగా వేడి చేస్తే పలచబడి బ్లేడును సమంగా చల్లారుస్తుంది. ఇనుప డబ్బా, దానికి మూత, ఆరుబయట చోటు. మంట లేస్తే మూత వేయాలి తప్ప నీళ్లు పోయకూడదు.

ఎంత ఎర్రగా కాల్చాలి? ఎండలో రంగు తెలియదు, నీడలో చూడాలి. కడ్డీకి కట్టిన అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుముకు అయస్కాంతం అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం ప్రకాశం పెరిగి నారింజ ఎరుపుకు రాగానే తీసి, బ్లేడును నిలువుగా, మొన కిందికి ముంచాలి. పక్కలకు ఊపితే వంగుతుంది, ముందుకూ వెనక్కూ మాత్రమే కదపాలి. చల్లారాక ఆకురాయి అంచు మీద గాజు మీద జారినట్టు జారాలి.

ఆ స్థితిలో అది గాజంత పెళుసు. కింద పడితే ముక్కలు కావచ్చు. అందుకే అదే రోజు మళ్లీ మెల్లగా కాచాలి. ఇంట్లో ఓవెన్ ఉంటే 200 నుంచి 220 డిగ్రీల్లో గంటసేపు, చల్లార్చి ఇంకో గంట. ఓవెన్ లేకపోతే బాణలిలో ఇసుక వేడి చేసి, బ్లేడును ఎమిరీతో మెరిసేలా రుద్ది ఇసుక మీద వెన్ను ఆనించి రంగు చూడాలి. లేత గడ్డి రంగు సుమారు 210, ముదురు గడ్డి రంగు 230, ఊదా 275, నీలం 295 దగ్గర. చిన్న కత్తికి ముదురు గడ్డి రంగు వస్తే ఆపేయాలి. నరికే మచ్చుకత్తికి ఊదా దాకా పోవచ్చు. ఇక్కడిదాకా అంతా బాగా చేసి చివర్లో కరెంటు సాన మీద పెట్టి రవ్వలు రాల్చి పాడు చేసేవాళ్లే ఎక్కువ. అంచు మీద నీలం రంగు కనిపించిందంటే అంతమేర పదును నిలవని మెత్తటి లోహం అయిపోయినట్టే. రెండు సెకన్లకోసారి నీళ్లలో ముంచుతూ సాన పట్టాలి, చేతి తొడుగు లేకుండా పట్టుకోగలిగినంత చల్లగా.

పిడికి నల్లతుమ్మ గానీ చింత గానీ, బాగా ఎండింది. 5 లేదా 6 మి.మీ. ఇత్తడి కడ్డీతో మూడు రివెట్లు. పొడవు 11 సెం.మీ., చూపుడు వేలు ముందు చిన్న ఆపు. చెమట చేయి జారి పదును మీదికి పోకుండా ఆపేది అదొక్కటే. కడప వైపు ఎవరైనా ‘ఎర్రచందనం ముక్క ఉంది, పిడికి అందంగా ఉంటుంది’ అంటే తీసుకోకండి. అనుమతి కాగితం లేని ఎర్రచందనం ముక్క దగ్గర ఉండటమే కేసు. చెక్క పిడి మన ఎండలకు ఎండి కుంచించుకుని వదులవుతుంది. వేసవి మొదట్లో, చివర్లో అవిసె నూనె పట్టించాలి. ప్లాస్టిక్ పిడి ఉన్నవాళ్లు దోమల మందు చేతితో దాన్ని పట్టుకోవద్దు. డీట్ అనే రసాయనం కలిసిన మందులు కొన్ని రకాల ప్లాస్టిక్కును, రబ్బరును కరిగిస్తాయి. మే నెలలో కారులో అద్దం కింద కత్తి వదిలేస్తే జిగురుతో అతికించిన పిడి వదులవుతుంది.

ఒర గురించి ఎవరూ అడగరు. పడిపోయినప్పుడు కడుపులో దిగకుండా ఆపేది అదే. కొనేటప్పుడు కత్తిని ఒరలో పెట్టి, తలకిందులు చేసి గట్టిగా ఊపండి. జారితే వద్దు. చవక నైలాన్ ఒరలు మొన తగిలి చిరుగుతాయి. కమ్మరి కత్తికి ఒర మనమే చేసుకోవచ్చు. బోరుబావి దగ్గర మిగిలిన 40 మి.మీ. పీవీసీ పైపు ముక్క చాలు. గాలి ధారాళంగా వచ్చే చోట హాట్ ఎయిర్ గన్‌తో మెత్తబడేదాకా వేడి చేయాలి. మంట తగలకూడదు, మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. కత్తికి రెండు పొరల కాగితం చుట్టి పైపులో దూర్చి, రెండు పలకల మధ్య నొక్కి చల్లారేదాకా ఉంచితే ఆకారం నిలుస్తుంది. అడుగున ఒక చిన్న రంధ్రం ఉంచండి, నీళ్లు చేరితే కారిపోవాలి. తోలు ఒర చూడ్డానికి బాగుంటుంది గానీ తేమ పట్టి ఉంచుతుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లు కత్తిని తోలులో పెట్టొద్దు.

చట్టం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే సీమలో కత్తి అంటే పోలీసుల చూపు వేరు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవాటికి మినహాయింపు. అంటే పొలంలో మచ్చుకత్తి తప్పు కాదు. అదే మచ్చుకత్తి రాత్రి పదకొండింటికి బండి సీటు కింద ఉంటే ఏ పొలానికి పోతున్నారని అడుగుతారు. వేట కొడవలి ఆకారంలో ఏదీ చేయించుకోకండి, పొడవు ఎంతైనా సరే. నాలుగంగుళాల కత్తి ఆ కొలతల్లోకి రాదు, అయినా బస్టాండులో నడుముకు కట్టుకుని తిరగొద్దు. సంచి లోపల, వంట సామాన్లతో పాటు ఉంచండి. విమానంలో చేతి సంచిలో కత్తి పనికిరాదు, చెకిన్ సామానులో వేయాలి.

అడవిలో నియమం ఇంకా కఠినం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తి పేరు నేరుగా ఉంది. 31వ సెక్షన్ ప్రకారం ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదు. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్, కలివికోడి ఉండే కడప లంకమల, బట్టమేక పక్షి కోసం పెట్టిన రోళ్లపాడు, అన్నిచోట్లా ఇదే. మీరు నల్లమల అన్నారు కాబట్టి చెప్తున్నా: అటవీశాఖ అనుమతితో, వాళ్ల గైడుతో పోయేటప్పుడు కత్తి సంగతి ముందే అడగండి, వద్దంటే ఇంట్లో వదిలేయండి. శేషాచలం, పాలకొండల వైపు కత్తితో దొరికితే ఎర్రచందనం కూలీ కాదని నిరూపించుకోవడానికే రోజంతా పోతుంది. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం కూడా నేరమే. నిప్పు, చెక్కుడు సాధన అంతా సొంత పొలంలోనో, తెలిసినవాళ్ల తోటలోనో చేసుకోండి.

వాడకంలో రెండు మూడు మాటలు చాలు. కట్టె చీల్చేటప్పుడు కత్తి వెన్ను మీద మరో కట్టెతో కొడతారు, దాన్ని బేటనింగ్ అంటారు. మోరాతో అయితే చీల్చే కట్టె మణికట్టు మందం దాటకూడదు, కణుపు లేకుండా తిన్నగా ఉండాలి, మొన అవతలికి రెండు మూడు సెం.మీ. బయట ఉండాలి. ఇరుక్కుంటే పక్కకు మెలిపెట్టొద్దు, కత్తులు విరిగేది అలాగే. కూర్చుని చెక్కేటప్పుడు రెండు మోకాళ్ల మధ్య చెక్కొద్దు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. పని మోకాళ్లకు అవతల, లేదా పక్కకు. తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, వదలకుండా పట్టుకోవాలి.

కత్తితో అసలు చేయకూడని పని ఒకటుంది. పాము కరిచిన చోట గాటు పెట్టడం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఏది కరిచినా గాటు వల్ల విషం బయటికి రాదు. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి ఆ గాటు నుంచి రక్తం ఆగదు. గట్టిగా కట్టు బిగించడం కూడా వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్దతో ఆనించి, ఉంగరాలు, కడియాలు తీసేసి, 108కు ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు సూది మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. కత్తి అవసరం ఆ బద్ద చీల్చడానికి మాత్రమే.

పదును పెట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇంటి ముందు కడప బండ మీదో బేతంచెర్ల బండ మీదో కత్తి రుద్దడం మన దగ్గర మామూలే. ఆ రాళ్లు రెండూ సున్నపురాయి, గట్టిపరచిన ఉక్కు కన్నా చాలా మెత్తన. రుద్దితే అరిగేది బండే, అక్కడక్కడ ఉన్న గట్టి రేణువులు అంచు మీద గీతలు పెడతాయి. కానీ పాలిష్ చేసిన కడప బండ చక్కగా చదునుగా ఉంటుంది. దాని మీద నీళ్లు చల్లి, నీటి ఎమిరీ కాగితం పరిచి సానరాయిలా వాడుకోండి. 400 నంబరుతో మొదలుపెట్టి 1000, ఆ తర్వాత 2000. కాగితం లేచి అంచుకు చుట్టుకుంటుంది కాబట్టి పదును వెనక్కి ఉండేలా, అంటే వెన్ను ముందుకు నడిచేలా లాగాలి. నిజం సానరాయి కొంటే ఒకవైపు 400, మరోవైపు 1000 ఉన్నది చాలు.

మొదలుపెట్టే ముందు వాలు మీద మార్కరు పెన్నుతో రంగు పూయండి. రెండుసార్లు లాగి చూస్తే రంగు ఎక్కడ పోయిందో అక్కడే రాయి తగులుతోందని తెలుస్తుంది. పై భాగంలోనే పోతే కత్తిని కొంచెం లేపాలి, అంచు దగ్గరే పోతే కొంచెం దించాలి. ఒకవైపు రుద్దుతూ ఉంటే రెండో వైపు అంచుకు సన్నటి పొర లేస్తుంది, బొటనవేలిని వెన్ను నుంచి అంచు వైపు అడ్డంగా లాగితే గరుగ్గా తగులుతుంది. ఆ పొర మొన నుంచి పిడి దాకా వచ్చాకే రెండో వైపుకు తిప్పాలి. పదును రావట్లేదని అనేవాళ్లలో చాలామంది ఆ పొర రాకముందే సన్న రాయికి మారిపోయినవాళ్లే. చివర్లో పాత తోలు బెల్టు లోపలి వైపు మీద, వెన్ను ముందుగా, ఇరవై సార్లు లాగితే ఆ పొర రాలిపోతుంది. వెలుతురులో అంచును నిటారుగా కంటికి ఎదురుగా పట్టి చూడండి. తెల్లటి చుక్క మెరిస్తే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టు.

రెండు వేల పంపకం ఇలా వేసుకోండి: కత్తికి పదిహేను పదహారు వందల దాకా, రెండు ముఖాల సానరాయికి మూడు వందలు, మిగిలింది ఫెర్రో రాడ్‌కు. మోరా ధర ఆ హద్దు దాటి కూర్చుంటే సానరాయి మానేసి ఎమిరీ కాగితాలతో సరిపెట్టుకోండి, కత్తిలో రాజీ పడొద్దు. ఎప్పుడో తోట పని పెట్టుకున్నప్పుడు కమ్మరి దగ్గర మచ్చుకత్తి చేయించుకోవచ్చు. ఆ రోజు మాత్రం బుడ్డల నూనె, అయస్కాంతం మీరే తీసుకెళ్లండి.